శరణుజొచ్చిన పిల్లి

లోభిని నిందింపవలసి వచ్చినపుడు తెలుగువారు "వాడు పిల్లికైనను బిచ్చము పెట్టడు" అందురు. ఈ మాటను తరచుగా వాడుచుందుము గాని దాని లోతును విచారింపము. యాచకుడు నోరు తెరచి యడుగును. అతిథి తన రాకచేతనే యడుగును. ఆవునకు పెట్టిన గ్రాసమునకు పుణ్యమని పేరు కలదు. పిల్లికి పెట్టిన పిడికెడన్నమును ఎవరును లెక్కింపరు. పైగా ప్రయాణవేళ అది యెదురువచ్చెనా, అపశకునమని వెనుకకు మరలుదుము. అట్టి ప్రాణికి పెట్టుట దానములలో కడపటిదనియు, అదియు చేయనివాడు లోభులలో మొదటివాడనియు మన పూర్వులు కొలత పెట్టిరి.

ఖరగ్‌పూరులో రైల్వే క్వార్టర్లయందు నివసించు ఒక సోదరి యీ విషయమునే మరియొక విధముగా ప్రశ్నించినది. ఖరగ్‌పూరు పశ్చిమ వంగమున మేదినీపుర ప్రాంతమందలి రైల్వే పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు అచట జంక్షనును, గొప్ప వర్క్‌షాపును నెలకొల్పిన కాలమునుండి విశాఖ, విజయనగర, శ్రీకాకుళ సీమలవారు పనులకై పోయి అచటనే స్థిరపడిరి. నేడును గోల్‌బజారులో, నింపురాలో, మథురాకాటిలో తెలుగు వినబడును. ఆ స్టేషను ప్లాట్‌ఫారము పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూరు దానిని మించువరకు ప్రపంచమున నంతటి పొడవైనది లేదని ప్రఖ్యాతి. అంతటి పట్టణమైనను అందలి క్వార్టరు ఎవరికిని శాశ్వతము కాదు. బదిలీయో, పదవీ విరమణయో కాగానే ఖాళీ చేయవలెను. సామాను లారీ కెక్కును, మనుష్యులు రైలెక్కుదురు. ఏండ్ల తరబడి వంటింటి కిటికీకడ కూర్చున్న పిల్లి మాత్రము లెక్కలో చేరదు. క్రొత్తగా వచ్చినవారికి అది యెవరిదో తెలియదు, చీపురు చూపుదురు.

ఆమె ప్రశ్న యిది: "అట్టి పిల్లులను చూచినపుడెల్ల నాకు కంట నీరు వచ్చుచున్నది. అన్నిటిని ఇంటికి తెచ్చుకొనజాలను, చూడనట్లు ఉండజాలను. ఈ దుఃఖము దయయా, మోహమా? లేడిపిల్లను పెంచి భరతుడంతటివాడు పతనమయ్యెనని చదివినది మొదలు నాకు భయమగుచున్నది."

ప్రశ్న యుక్తమైనది. భాగవత పంచమస్కంధమందలి ఆ కథను మరల జాగ్రత్తగా చూతము. రాజ్యమును కుమారుల కప్పగించి భరతుడు గండకీతీరమున పులహాశ్రమమందు తపస్సు చేయుచుండెను. ఒకనాడు నీరు త్రాగవచ్చిన చూలులేడి సింహగర్జనమునకు బెదరి యేటి కడ్డముగా దూకెను. గర్భము జారి పిల్ల నీట పడెను. తల్లి ప్రాణము విడిచెను. భరతుడు ఆ పిల్లను ప్రవాహమునుండి తీసి ఆశ్రమమునకు తెచ్చెను. ఇంతవరకు కథలో దోషమెచ్చట కలదు? మునిగిపోవు ప్రాణిని చూచుచు జపమాల త్రిప్పుటయే యోగమైనచో అట్టి యోగమును మనము కోరనక్కరలేదు. దోషము పిమ్మట వచ్చినది. 'దిక్కులేనిది' అను భావము క్రమముగా 'నాది' అను భావమయ్యెను. స్నానము, అర్చనము, ధ్యానము ఒక్కొక్కటిగా జారిపోయెను. లేడి కొంతసేపు కనబడకున్నచో ఆ మహారాజు సొమ్ము పోగొట్టుకొన్న లోభివలె తపించెను. దాని క్షేమమును కోరుచునే, అది తన కన్నులయెదుట నుండవలెననియు కోరెను. ఈ రెండవ కోరిక తుదకు మొదటిదానిని మ్రింగివేసెను. భరతుని బంధించినది లేడి కాదు, ఆ రెండవ కోరికయే.

దుఃఖమునందే చిక్కుపడుట మరియొక ప్రమాదము. గీత రెండవ అధ్యాయారంభమున అర్జునుని వర్ణించునపుడు కృప యాతనిని ఆవేశించినదని వ్యాసుడు చెప్పెను. గ్రహము పట్టినట్లు కృప పట్టినది; పట్టువడినవాడు గాండీవమును విడిచి కూలబడెను. కృప మనుష్యుని పట్టుట వేరు, మనుష్యుడు కృపను చేపట్టుట వేరు. వీధిపిల్లిని చూచి కన్నీరు కార్చి, ఆ రాత్రి నిద్రపట్టక, మరునాటినుండి ఆ వీధిన పోవుటయే మానుకొన్నవారు కలరు. వారి హృదయము మెత్తనిది కాదని యెవరనగలరు? అయినను పిల్లి ఆకలి పిల్లికే మిగిలినది.

భగవంతునికి శరణాగతుడగు భక్తుని పిల్లికూనతో పోల్చుట మనకు చిరపరిచితము. కోతిపిల్ల తల్లిని తాను పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. మార్జాలకిశోర న్యాయమని విశిష్టాద్వైతులు దీనినే చెప్పుదురు. శ్రీరామకృష్ణులు కూడ ఈ దృష్టాంతమును పలుమారులు చెప్పిరి: కూనకు తెలిసినది తల్లిని పిలుచుట మాత్రమే, వంటింట నుంచినను, యజమాని పడకపై నుంచినను దానికి చింత లేదు. ఉపన్యాసములందు మనము ఈ మాటను ఆనందముతో విందుము. నిజమైన పిల్లి, నిజమైన కూనలతో మన గడపకడకే వచ్చి శరణన్నచో ఏమి చేయవలెనన్నది ఉపన్యాసమున రాదు. దక్షిణేశ్వరమున అదియు జరిగినది.

ఒక తల్లిపిల్లి మూడు కూనలతో శ్రీరామకృష్ణుల గదిలో చేరెను. ఒక్కొక్కపుడు అది ఆయన పడకపై పాదములకడనే నిద్రించెడిది. దేవాలయమున వానికి సరియైన తిండి దొరకుట లేదని ఆయన చింతింపసాగెను. నవగోపాల ఘోషుగారి సహధర్మచారిణి నిస్తారిణీదేవి దర్శనమునకు వచ్చినపుడు, తనకొక పని చేసిపెట్టగలదా యని ఆమె నడిగెను. ఏ పనియైనను చేసెద నని ఆమె చేతులు జోడించెను. ఆయన మరల నడిగెను. ఆమె మరల అట్లే చెప్పెను. అప్పుడు గాని పిల్లుల సంగతి చెప్పలేదు. తన్నాశ్రయించినవి గనుక వానికి లోటు రానీయరాదని చెప్పి అప్పగించెను. కథ అంతటితో ముగియలేదు. ఆమె వచ్చినపుడెల్ల ఆయన వానిని గూర్చి వివరముగా అడుగుచుండెను: కడుపునిండ తినుచున్నవా, కూనలు ఎదిగినవా, వానిని యెవరికి ఈయదలచితివి? దయలేనివారి చేతిలో పడునేమో యని ఆయన భయము. ఏడాది తరువాత తల్లిపిల్లి జబ్బుపడి మరణించుచుండగా నిస్తారిణీదేవి దాని నోట గంగాజలము పోసి భగవన్నామము వినిపించెను.

ఈ వృత్తాంతమున రెండు విషయములు మనము గమనింపదగినవి. మొదటిది, ఆయన రెండుమారులు అడుగుట. మనస్సు ఆర్ద్రమైన క్షణమున ఎవరైనను ఔనందురు. ఆ ఔనను మాట ఏడాది నిలుచునా యని రెండవ ప్రశ్న పరీక్షించును. నేడు జంతుసంరక్షణశాలలు పిల్లిని పెంపున కిచ్చుటకు ముందు పత్రములు నింపించి, ఇల్లు చూచి, ఇంటివారినందరిని ప్రశ్నించునపుడు మనకు విసుగు కలుగును. అచట జరుగునది ఈ రెండవ ప్రశ్నయే. రెండవ విషయము, ఆయన పిల్లిని తనకడ నుంచుకొనలేదు. తన పాదములకడ నిద్రించు ప్రాణిని, దానికి మేలుకలుగు చోటికి పంపివేసెను. పంపివేసిన పిమ్మటను దాని యోగక్షేమములు విచారించెను. భరతుడు చేయలేకపోయినది ఇదియే. తనవారియందలి ప్రేమ మాయ యనియు, సర్వభూతములయందలి ప్రేమ దయ యనియు ఆయన చెప్పిన భేదమునకు ఇంతకంటె సుబోధకమైన వ్యాఖ్యానమును నేనెరుగను. దిక్కులేని కూనను కొన్నివారములు ఇంట నుంచి, మచ్చిక చేసి, యోగ్యులను వెదకి, కన్నులు చెమర్చుచున్నను ఇచ్చివేయు గృహిణి, సాధకులు మమతాత్యాగమని పేరిడిన అభ్యాసమునే చేయుచున్నది.

జయరాంబాటిలో శ్రీశారదాదేవి యింటను పిల్లు లుండెడివి. వానిని కొట్టు బ్రహ్మచారి యొకడు అచట నుండెను. కోల్‌కతాకు ప్రయాణమగుచు ఆమె, పిల్లులకు కూడ కొంత బియ్యము పోసి వండవలెననియు, లేనిచో అవి యిరుగుపొరుగిండ్లకు పోయి వారిచేత తిట్టించుననియు అతనికి చెప్పెను. వానిలోను తానే యున్నాననియు తెలిపెను. వేదాంతమును పొరుగువారి సౌకర్యమును ఆమె ఒక్క మాటలో కలిపిన తీరు చూడుడు. వీధిపిల్లులకు అన్నము పెట్టు దయాళువులు కొందరు ఇతరుల గుమ్మములయందు విస్తళ్లు పరచి, ఈగలు ముసరినను తొలగింపక పోవుదురు. వచ్చు తిట్లు పిల్లులకు తగులును. నియమితమైన వేళకు, ఎవరికిని అడ్డురాని మూలన, గిన్నెలో పెట్టి, అరగంటకు గిన్నె కడిగి తీసినచో పొరుగువారు మూడువంతులు శాంతింతురు.

వంగదేశమున నివసించు తెలుగువారు తమ పొరుగింటి వ్రతకథను కూడ వినదగును. శిశువులను కాపాడు షష్ఠీదేవికి పిల్లి వాహనమని అచటివారి విశ్వాసము. ఒక యింటి చిన్నకోడలు నైవేద్యపు పదార్థములను తానే తిని పిల్లిపై నేరము మోపుచుండెను. పిల్లి ఆమెకు పుట్టిన బిడ్డలను ఎత్తుకొనిపోయి దేవికడ చేర్చెను; ఆమె పశ్చాత్తాపపడిన పిమ్మటనే బిడ్డలు దక్కిరి. ముస్లిము సోదరుల హదీసులలోను, పిల్లిని బంధించి, తిండి పెట్టక, తాను వెదకుకొని తినుటకును విడువక చంపిన స్త్రీకి శిక్ష కలిగినదని చెప్పబడినది. పోషించుటయో, విడుచుటయో కావలెను. రెండునుగాని స్థితిలో నుంచరాదను సూక్ష్మము అందు కలదు.

షష్ఠీదేవి ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. కుమార్తె పురిటికి వచ్చుచున్నదని, గర్భిణికి పిల్లివలన జబ్బు వచ్చునని విని, పిల్లిని గోతాములో కట్టి దూరముగా విడిచివచ్చు ఇండ్లు ఎన్నియో కలవు. టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి గూర్చిన భయమిది, నిరాధారము కాదు. కాని అది పిల్లి మలమునుండి సోకును. ఆ మలము బయటపడిన వెంటనే సోకదు, ఒకటి మొదలు అయిదు దినములు గడచిన పిమ్మటనే సోకగలదు. గర్భిణి కాక వేరొకరు ప్రతిదినమును శుభ్రము చేసి చేతులు కడుగుకొన్నచో, పచ్చిమాంసము పిల్లికి పెట్టకున్నచో, అపాయము మిక్కిలి తగ్గును. సరిగా ఉడుకని మాంసమువలనను, కడుగని కూరలవలనను కూడ ఈ వ్యాధి వచ్చును. అందుకు పిల్లిని వెడలగొట్టిన ఫలములేదు.

ఇక చేయదగిన పనులు. దయకు జ్ఞానము తోడుగాకున్న కీడు కలుగును గనుక ఇందు కొంత నిలిచి చెప్పవలసియున్నది. మూలన కూనలు కనబడగానే ఎత్తుకొని రారాదు. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని మనవారి సామెత. ఒక్కొక్క కూనను మోసికొనిపోవుచు తల్లి దారిలో నుండవచ్చును. దూరమున నిలిచి కొన్ని గంటలు గమనింపవలెను. తల్లి నిజముగా రాకున్నచో ముందుగా కూనకు వెచ్చదనము కలిగింపవలెను. చల్లబడిన కూనకు పాలు పోసినచో జీర్ణము కాక చచ్చును. ఆవుపాలు దానికి తగవు. కూనలకై చేసిన పాలపొడి మందుల దుకాణములలోను, పశువైద్యులకడను దొరకును. మనుష్యశిశువువలె వెల్లకిల పరుండబెట్టి పోయరాదు. బోర్ల నుంచి పట్టవలెను. మూడు వారములలోపు కూన తనంతట మూత్రవిసర్జనము చేయజాలదు. తల్లి నాకునట్లు తడిగుడ్డతో మెల్లగా తుడువవలెను. రెండవ వారమునుండి ఏడవ వారమువరకు మనుష్యుల చేతిస్పర్శ నెరిగిన కూన జీవితాంతము మచ్చికగా నుండును. ఇల్లు దొరకుట కిదియే ముఖ్యసాధనము.

ఆహార విషయమున శాకాహారులగు మన కుటుంబములవారు నొచ్చుకొనినను చెప్పక తప్పదు. పెరుగన్నముతో పిల్లి బ్రతుకజాలదు. టారీన్ అను పదార్థము మాంసమునందును చేపయందును కలదు, ధాన్యములలో లేదు. అది చాలని పిల్లికి చూపు చెడునని 1975లోను, గుండె బలహీనమగునని 1987లోను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన ఆహారనియమము మనము స్వీకరించినది. పిల్లి శరీరము ఈశ్వరుడు దానికిచ్చినది. ఇంట చేప వండనివారు తయారుచేసిన పిల్లి ఆహారమును కొనవచ్చును. లేదా చేప తిను వంగీయుల ఇంటికి దానిని ఒప్పగింపవచ్చును. ఖరగ్‌పూరులో అట్టి ఇంటికై దూరము పోనక్కరలేదు. జబ్బుగా నున్నదని మన జ్వరపు మాత్రను నూరి పోయుట మహాపాయకరము. పారాసిటమాలు పిల్లికి విషము, ఒక్క మాత్ర చాలును. నేల తుడుచు ఫినాయిలు కూడ దాని పాదములకంటి నాలుకద్వారా లోపలికి పోవును. పిల్లి కరచినను గీరినను సబ్బుతో, పారుచున్న నీటితో పదునైదు నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. రేబీసు విషయమున రేపన్నది లేదు.

శస్త్రచికిత్సచే సంతానమును నిరోధించుట సృష్టికి అడ్డుపడుట కాదా యని ఆస్తికులు అడుగుదురు. ఆడుపిల్లి నాలుగైదు నెలల వయస్సుననే చూలు దాల్చవచ్చును. తొమ్మిది వారములకు ఈనును. పాలిచ్చుచుండగనే మరల చూలు కావచ్చును. పుట్టిన కూనల గతి యేమి? అమెరికాలోని నార్త్ కరోలినాలో స్వేచ్ఛగా తిరుగు పిల్లుల కూనలను గమనించి 2004లో ప్రకటించిన పరిశీలనలో 169 కూనలలో 127 ఆరునెలలు నిండక మునుపే మరణించినవి, లేదా కానరాకపోయినవి. ఏటేట ఈ చావులను చూచుచు అడ్డుపడకుండుటను ధర్మమనుటకు నా నోరు రాదు. పశువైద్యునికడ ఒక్కసారి చేయించు చికిత్స, ఏండ్ల తరబడి పెట్టు అన్నముకంటె ఎక్కువ దుఃఖమును తొలగించును. మనుష్యస్పర్శ నెరుగని పెద్ద వీధిపిల్లిని బలవంతముగా ఇంట బంధింపనక్కరలేదు. చికిత్సయు, టీకాయు చేయించి, గుర్తుగా చెవికొన కత్తిరించి, దాని చోటనే విడిచి తిండి పెట్టుట పలుదేశములలో నడచుచున్న పద్ధతి.

విడిచిపెట్టుట నేరమని మన చట్టమును చెప్పుచున్నది. రుక్మిణీదేవి అరండేలు రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు మూలముగా వచ్చిన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, ఆకలిదప్పులకు గురియగు స్థితిలో జంతువును అకారణముగా వదలుటను క్రూరకృత్యముగా పేర్కొన్నది. మొదటి తప్పునకు అందు విధించిన జరిమానా ఏబది రూపాయలకు మించదు. శిక్షాభయమున పిల్లిని వెంట తీసికొనిపోవువా రుండరు. క్వార్టరు విడుచువారు నెల ముందుగనే నిశ్చయింపవలెను. తీసికొనిపోదురా, రైలు నియమములు విచారించి (రైల్వేవారికి ఈ సంగతి ఒకరు చెప్పవలసినది కాదు) మూతగల బుట్టలో తీసికొనిపోయి, క్రొత్త యింట రెండుమూడు వారములు ఒక గదిలోనే యుంచవలెను. లేనిచో పాత యిల్లు వెదకుచు పోవును. ఇచ్చివేయుదురా, పుచ్చుకొనువారి ఇంటిలో అందరును ఇష్టపడుచున్నారా, వారికి బదిలీ వచ్చినపుడు ఏమి చేయుదురు, జబ్బుచేసిన ఖర్చు పెట్టగలరా యని అడిగి, మరల అడిగి ఇయ్యవలెను. అప్పుడప్పుడు ఉత్తరమో, ఫోనో చేసి కనుగొనవలెను.

ఇల్లు చాలనివారు నిరాశపడనక్కరలేదు. కోల్‌కతాలో కోల్స్‌వర్తీ గ్రాంటు 1861లో స్థాపించిన జంతుహింసా నివారణ సంఘము ఆసియాలో మొదటిది. తెలుగునాట హైదరాబాదులో 1992లో బ్లూక్రాస్, విశాఖపట్టణమున 1996లో విశాఖ జంతుసంరక్షణ సంఘము నెలకొన్నవి. ఇట్టి సంరక్షణశాలలకు పాత తువాళ్లు, వార్తాపత్రికలు, మందుల ఖర్చు కావలెను. బోనులు శుభ్రము చేయు చేతులు కావలెను. బెదరిన పిల్లికడ గంటసేపు ఊరక కూర్చుండి పుస్తకము చదువుకొనువారును కావలెను. మాటాడక కూర్చున్న మనిషికడకు అది మూడవనాడో, పదియవనాడో తానే వచ్చును. మచ్చికయైన పిల్లికి ఇల్లు త్వరగా దొరకును.

అచట ఎక్కువకాలము వేచియుండునవి కూనలు కావు. కూనలను కోరువారు పలువురు. ఎదిగినదానిని, ముసలిదానిని, ఒంటికన్నుదానిని అడుగువారు అరుదు. పదవీ విరమణ చేసి, పిల్లలు దూరమున నుండగా నిశ్శబ్దమైన ఇంట కాలము గడపు దంపతులకు నేనైనచో ఏడెనిమిదేండ్ల పిల్లినే తెచ్చుకొనుడని చెప్పుదును. దాని స్వభావము ఇదివరకే తేలియుండును. తెరలెక్కదు, పాత్రలు దొర్లింపదు. దినములో సగమునకు మించి నిద్రించును. మిగిలిన సమయమున కిటికీకడ కూర్చుండును.